స్టేడియానికి జనం డబ్బు పెట్టచ్చా? తిరుపతిలో తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే పిల్లల్ని గ్రౌండ్ లో పరిగెత్తించి బయటికొచ్చి టీ తాగతా ఉంటే రోజూ ఎవరో ఒకరు అడిగే మాట ఇదే, "అన్నా, మన తిరుపతికి ఒక ఇంటర్నేషనల్ స్టేడియం పడితే ఊరు యాడికో పోతుంది గదా, గవర్నమెంట్ ఎందుకు కట్టదు?" అని. ఐపీఎల్ మొదలైతే ఈ మాట ఇంకా ఎక్కువ, ఎందుకంటే మనోళ్ళు సగం మంది చెన్నై చెపాక్ స్టేడియానికి బస్సెక్కి పోయి అర్ధరాత్రి దాటినాక తిరిగొచ్చే బ్యాచ్చే. నేను ఈ విషయం మీద చానా ఏళ్ళుగా పేపర్లు చదవతా, తెలిసినోళ్ళని అడగతా ఉండా, మా నాయన డ్రిల్లు మాస్టరు, గ్రౌండ్ అంటే నాకు ఇంటి విషయం లెక్క. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒక చోట రాసి పెట్టేస్తే మేలు అనిపించి రాస్తా ఉండా.

ప్ర. పబ్లిక్ ఫండింగ్ అంటే ఏంది? గవర్నమెంట్ నేరుగా డబ్బు ఇచ్చేస్తుందా?

ఇవ్వచ్చు, కానీ ఎక్కువసార్లు అట్లా జరగదు, అందుకే జనానికి కనపడదు. ఊరి పక్కన మంచి రేటు పలికే భూమిని నామమాత్రపు లీజుకి ఇస్తే అది జనం డబ్బే. దాని కోసం నాలుగు లైన్ల రోడ్డు వేస్తే, సబ్‌స్టేషన్ పెడితే, పైపులైను లాగితే అదీ జనం డబ్బే. టికెట్ మీద పన్ను వదిలేసినా, ఆస్తి పన్ను మాఫీ చేసినా రావాల్సింది రాలేదు కాబట్టి అదీ మన లెక్కలోకే వస్తుంది.

వారణాసి చూడండి. 2023 సెప్టెంబర్ లో అక్కడ ఇంటర్నేషనల్ స్టేడియానికి శంకుస్థాపన చేశారు. కట్టడానికి బీసీసీఐ 330 కోట్లు అన్నారు, అందరికీ గుర్తున్నది అదే. కానీ ఆ భూమి సేకరించడానికి యూపీ గవర్నమెంట్ పెట్టింది 121 కోట్లు. "బీసీసీఐ కడతా ఉండాది, మనకేం ఖర్చు" అని ఎవరన్నా అంటే ముందు ఈ 121 గుర్తు పెట్టుకోండి. నేను అది తప్పు అనడం లేదు, ఖర్చుని ఖర్చు అని చెప్పల్ల, అంతే నా మాట.

ప్ర. మన దేశంలో పెద్ద స్టేడియాలు అసలు ఎవరివి?

ఒక్కోటి ఒక్కో కథ. మనం పోయే చెపాక్ ఉండేది తమిళనాడు గవర్నమెంట్ భూమిలో, అసోసియేషన్ కి లీజు. బెంగళూరు చిన్నస్వామి కూడా లీజు భూమే. కలకత్తా ఈడెన్ గార్డెన్స్ భూమి మిలిటరీ వాళ్ళది. కాన్పూర్ గ్రీన్ పార్క్ అయితే నేరుగా యూపీ క్రీడాశాఖదే. లక్నో ఏకానా గవర్నమెంటూ ప్రైవేటు వాళ్ళూ కలిసి, పీపీపీ అంటారే, ఆ పద్ధతిలో కట్టారు. అహ్మదాబాద్ మోతేరా, ఇప్పుడు నరేంద్ర మోదీ స్టేడియం, లక్షా 32 వేల సీట్లు, సుమారు 800 కోట్లు ఖర్చయింది అంటారు, అది గుజరాత్ క్రికెట్ అసోసియేషన్ ది, కానీ 1980ల్లో అక్కడ మొదట భూమి ఇచ్చింది గవర్నమెంటే.

అంటే భవనం అసోసియేషన్ ది అయినా కింద మట్టి చానా చోట్ల జనానిది. ఇది మనం మర్చిపోతే మాట్లాడే హక్కు కూడా మర్చిపోయినట్టే. చెపాక్ లో మూడు స్టాండ్లు, ఐ జె కె అంటారు, కొత్తగా కట్టి కూడా పర్మిషన్ల గొడవలో ఏళ్ళ తరబడి తాళం వేసి పెట్టారు, మ్యాచ్ కి పోయినప్పుడు ఆ ఖాళీ సీట్లు ఎదురుగా చూసినోళ్ళు ఇది చదివేవాళ్ళల్లో కూడా ఉంటారు. కాగితం సరిగా లేకపోతే కాంక్రీటు ఉన్నా కూర్చోడానికి లేదు.

ప్ర. ఈ గొడవ అంతా అమెరికాలో ఎక్కువ అంటారు, ఎందుకని?

అక్కడ టీములు ఓనర్లవి. ఓనరు "నాకు కొత్త స్టేడియం కట్టకపోతే వేరే ఊరికి పోతా" అంటాడు. అనడమే కాదు పోతాడు కూడా. 1984 మార్చిలో బాల్టిమోర్ ఊరి ఫుట్‌బాల్ టీము కోల్ట్స్ సామానంతా రాత్రికి రాత్రి లారీల్లో ఎక్కించుకుని ఇండియానాపొలిస్ కి వెళ్ళిపోయింది, పొద్దున లేచేసరికి ఊర్లో టీము లేదు. ఆ భయం అప్పటి నుంచి ప్రతి ఊరి మేయరు మనసులో ఉండాది. 2008లో సియాటిల్ బాస్కెట్‌బాల్ టీము ఓక్లహోమా సిటీకి పోయింది, సెయింట్ లూయిస్ నుంచి రామ్స్ టీము 2016లో లాస్ ఏంజెలెస్ కి పోయింది, టీము పోయినాక కూడా ఆ పాత డోమ్ స్టేడియం మీద అప్పు మాత్రం సెయింట్ లూయిస్ వాళ్ళు ఇంకా కొన్నేళ్ళు కట్టుకుంటా వచ్చారు.

లీగులో టీముల సంఖ్య తక్కువ, కావాలనుకునే ఊర్లు ఎక్కువ. పెళ్ళికొడుకులు తక్కువై కట్నం పెరిగినట్టు ఇక్కడ స్టేడియం ధర పెరుగుతుంది.

మా అక్క కొడుకు సిన్సినాటి దగ్గర ఉంటాడు, సాఫ్ట్‌వేర్. ఆ ఊరుండే హామిల్టన్ కౌంటీలో, కౌంటీ అంటే మన జిల్లా లెక్క, 1996లో ఓటు పెట్టి, సేల్స్ టాక్స్ అర శాతం పెంచి రెండు స్టేడియాలు కట్టారు, ఒకటి ఫుట్‌బాల్ కి ఒకటి బేస్‌బాల్ కి. బదులుగా సొంత ఇల్లున్న వాళ్ళకి ఆస్తి పన్ను తగ్గిస్తాం అన్నారు. తర్వాత అమ్మకాలు అనుకున్నట్టు పెరగలేదు, ఫండు చాలలేదు, ఆ తగ్గింపునే కోసుకుంటా వచ్చారు. వాడు చెప్పులు కొన్నా టీవీ కొన్నా ఆ అర శాతం పోతుంది, వాడు జీవితంలో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కి పోలేదు. ఇంకో సంగతి, ఆ ఫుట్‌బాల్ టీముతో అప్పట్లో రాసుకున్న లీజులో, ముందు ముందు కొత్త టెక్నాలజీ వస్తే అది కూడా కౌంటీనే కొనిపెట్టల్ల అని ఉండింది, అందులో గాల్లో బొమ్మ కనిపించే హోలోగ్రామ్ రీప్లే కూడా రాశారు. ఇంకా పుట్టని మిషన్ కి జనం డబ్బు ముందే రాసిచ్చేశారు. నేను ఇది చదివినప్పుడు రెండుసార్లు చూసుకున్నా, నిజమేనా అని.

ప్ర. బాండ్లు అంటారే, అవేంటి?

చీటీ తెలుసు గదా. ముందే పాడుకుని డబ్బు తీసేసుకుంటే చేతికి పెద్ద మొత్తం వస్తుంది, తర్వాత నెలనెలా కట్టతా పోవల్ల. బాండు కూడా అట్లాంటిదే, ఊరి పేరు మీద అప్పు పుట్టించి స్టేడియం కట్టేస్తారు, తర్వాత ఇరవై ముప్పై ఏళ్ళు పన్నుల్లోంచి అసలూ వడ్డీ కడతారు. రిబ్బన్ కత్తిరించేది ఒకరు, కట్టేది వాళ్ళ పిల్లలు. కెనడాలో మాంట్రియల్ 1976 ఒలింపిక్స్ కి కట్టిన స్టేడియం అప్పు తీరింది 2006లో, దాని కోసం సిగరెట్ల మీద ప్రత్యేక పన్ను వేశారు. ముప్పై ఏళ్ళు. ఆ ఒలింపిక్స్ ఏడాది పుట్టిన బిడ్డకి పెళ్ళై పిల్లలు పుట్టేంత టైము.

ప్ర. స్టేడియం వస్తే ఊర్లో వ్యాపారం పెరుగుతుంది కదా? లాడ్జీలు, ఆటోలు, హోటళ్ళు?

అందరూ అడిగేది ఇదే, దీనికి కొంచెం ఓపిగ్గా చెప్తా.

మొదటిది, మనిషి దగ్గర నెలకి సరదాకి పెట్టే డబ్బు ఇంతే అని ఉంటుంది. మ్యాచ్ కి మూడు వేలు పెట్టినోడు ఆ నెల ఇంటిల్లిపాదినీ సినిమాకి తీసుకుపోడు, బయట బిర్యానీ తినడు. ఊర్లో ఖర్చు పెరగలేదు, ఒక షాపు నుంచి ఇంకో షాపుకి మారింది. ఆండ్రూ జింబలిస్ట్, రోజర్ నాల్ లాంటి ఆర్థికవేత్తలు 1990ల నుంచి లెక్కలు తీసి చెప్తా ఉండేది ఇదే, స్టేడియం వల్ల ఊరి ఆదాయం పెరిగిన దాఖలా దాదాపు కనపడదు అని. ఆర్థికవేత్తలు ఏ విషయంలోనూ ఒక మాట మీద ఉండరు, ఈ విషయంలో మాత్రం దాదాపు అందరిదీ ఒకే మాట.

రెండోది, మ్యాచ్ మీద వచ్చిన డబ్బు ఊర్లో ఉండదు. ప్లేయరు ఆడేసి ఫ్లైట్ ఎక్కుతాడు, ఫ్రాంచైజీ ఆఫీసు ఇంకో ఊర్లో, టీవీ డబ్బు ఇంకెక్కడో. మనకి మిగిలేది పార్కింగు, పల్లీలు, వాటర్ బాటిళ్ళు.

మూడోది మన ఊరికి మాత్రమే చెల్లేది, ఇది చానా మంది ఆలోచించరు. వేరే ఊరోళ్ళు స్టేడియం కడితే "బయటి జనం వస్తారు" అని ఆశ పడతారు. తిరుపతికి జనం తక్కువా అప్పా? కొండకి రోజుకి అరవై డెబ్బై వేల మంది వస్తా ఉండారు. ఐపీఎల్ జరిగేది మార్చి నుంచి మే దాకా. పిల్లలకి సెలవులిచ్చినాక రద్దీ ఎట్లుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మే నెలలో గంగజాతర ఇంకొకటి. టీటీడీ వసతి గృహాలు శ్రీనివాసం, విష్ణునివాసం ముందర రూము దొరక్క సంచులు తలకింద పెట్టుకుని పడుకునేవాళ్ళని బస్టాండ్ కి పోయే ప్రతి ఒక్కరూ చూస్తా ఉండారు. అప్పుడు మ్యాచ్ పెడితే లాడ్జికి కొత్త గిరాకీ రాదు, ఉండే గిరాకీ మారుతుంది, భక్తుడు దిగాల్సిన రూములో మ్యాచ్ చూసేవాడు దిగుతాడు, రేటు పెరుగుతుంది. ఆ పెరిగింది ఓనరుకి పోతుంది, రూము దొరకని కుటుంబం ఫుట్‌పాత్ మీద పడుకుంటుంది.

నాలుగోది, ఎన్ని మ్యాచ్ లు? అమెరికాలో బేస్‌బాల్ టీము ఒక సీజన్ లో సొంత ఊర్లో 81 ఆటలు ఆడుతుంది, అంత ఆడినా అక్కడ లెక్క తేలడం లేదు. ఐపీఎల్ టీముకి సొంత ఊర్లో లీగు మ్యాచ్ లు ఏడు. అదీ టీము ఉంటే. వైజాగ్ కి టీము లేదు, ఢిల్లీ వాళ్ళు 2024లో, 2025లో అక్కడికి వచ్చి రెండేసి మ్యాచ్ లు ఆడి పోయారు. తిరుపతికి వస్తే అట్లా రెండు, ఏడాదికో రెండేళ్ళకో ఒక ఇంటర్నేషనల్. మిగిలిన 360 రోజులు గేటుకి తాళం.

ప్ర. ఉద్యోగాలు?

కట్టేటప్పుడు ఉంటాయి. కట్టినాక మ్యాచ్ రోజు మాత్రం వాలంటీర్లు, సెక్యూరిటీ, క్యాటరింగ్. నెల జీతం వచ్చే పోస్టులు గ్రౌండ్స్‌మెన్, ఎలక్ట్రీషియన్లు, వాచ్‌మెన్లు, ఆఫీసు స్టాఫు, అంతే. అదే డబ్బుతో ఫ్యాక్టరీకి షెడ్డు కట్టినా, ఆస్పత్రికి బ్లాకు కట్టినా రోజూ పనుంటుంది.

ప్ర. అన్నీ డబ్బుతోనే కొలుస్తారా? ఊరికి పేరు రాదా?

వస్తుంది. ఈ మాట నేను తేలిగ్గా తీసుకోను. 2005 ఏప్రిల్ 5న వైజాగ్ లో పాకిస్తాన్ మీద ధోని 148 కొట్టాడు, అప్పటి దాకా ధోని ఎవరో సగం దేశానికి తెలీదు. ఆ రోజు నుంచి ఆ స్టేడియం పేరు అందరికీ తెలుసు, అది మా ఊర్లో జరిగింది అని వైజాగ్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు, చెప్పుకోవల్ల కూడా. మన పిల్లోడు తన కళ్ళతో బుమ్రా బౌలింగ్ చూస్తే ఆ రాత్రి వాడికి నిద్ర పట్టదు. దానికి వెల కట్టలేం.

కాబట్టి సంతోషం కోసం డబ్బు పెడతా ఉండాం అని చెప్పి పెడితే నాకు అభ్యంతరం లేదు. జాతరకి చందా వేస్తాం, లాభం వస్తుందని వేస్తామా? కానీ ఊరి ఆదాయం పెరుగుతుంది, పదింతలు తిరిగొస్తుంది అని చెప్పి అడిగితే మాత్రం లెక్క చూపించల్ల.

ప్ర. లాస్ వేగాస్ లో టూరిస్టుల మీద పన్ను వేసి కట్టారంట. మనం లాడ్జి రూముల మీద వేస్తే సరిపోదా?

మంచి ప్రశ్న, నన్ను ఇది అడిగింది లాడ్జి మేనేజరే. లాస్ వేగాస్ లో సుమారు 190 కోట్ల డాలర్ల స్టేడియానికి 75 కోట్ల డాలర్లు హోటల్ రూముల పన్ను నుంచి ఇచ్చారు, ఊరోళ్ళ మీద భారం లేదు అన్నారు. 2020లో స్టేడియం తెరిచారు, అదే ఏడాది కోవిడ్. హోటళ్ళు మూతపడ్డాయి, పన్ను పడిపోయింది, అప్పు కంతులకి రిజర్వు ఫండు లోంచి తీయాల్సి వచ్చింది. మనకి తెలీనిదా అది, 2020 మార్చి నుంచి జూన్ దాకా కొండ మీద దర్శనాలు ఆపేస్తే ఈ ఊరు ఎట్లా అయిపోయిందో, ఆటోలోళ్ళు, పూల అంగళ్ళోళ్ళు, బొమ్మల అంగళ్ళోళ్ళు ఏం తిన్నారో చూసినోళ్ళమే గదా.

పైగా వేగాస్ కి వచ్చేవాడు జూదానికి, విలాసానికి వస్తాడు. మన దగ్గరికి వచ్చేది ఏడాదంతా కూడబెట్టి మొక్కు తీర్చుకోడానికి వచ్చే ఇంటిల్లిపాది. వెయ్యి రూపాయల లోపు రూముకి ముందు జీఎస్టీ లేదు, 2022 జులై నుంచి 12 శాతం వేశారు, 2025 సెప్టెంబర్ లో 5కి తగ్గించారు. ఆ తగ్గింపుకే ఊపిరి పీల్చుకున్నారు జనం. ఇంకా దాని మీద క్రికెట్ కోసం ఒక పన్ను అంటే నా మనసు ఒప్పుకోదు.

ప్ర. టీటీడీ డబ్బు ఉంది కదా?

ఇది అడగకుండా మన ఊర్లో ఏ చర్చా ముగియదు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కి టీటీడీ 67 శాతం, స్మార్ట్ సిటీ 33 శాతం పెట్టుకున్నాయి, 2023లో పూర్తిగా తెరిచారు. దానికి ఒక అర్థం ఉండాది, ఆ వంతెన మీద పోయేది ఎక్కువ భాగం కొండకి పోయే బండ్లే. అదే ఏడాది టీటీడీ బడ్జెట్ లో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి అని బోర్డు తీర్మానిస్తే పెద్ద గొడవే అయింది, గవర్నమెంట్ ఒప్పుకోలేదు. రోడ్లకీ డ్రైనేజీకీ పెట్టడానికే అంత చర్చ జరిగిందంటే హుండీలో భక్తుడు వేసిన రూపాయి ఐపీఎల్ పిచ్ కి పోవచ్చా అన్న ప్రశ్నకి నా వరకు జవాబు ఒకటే, వద్దు. పిల్లల ఆటస్థలం, టీటీడీ స్కూళ్ళూ కాలేజీల గ్రౌండ్లు అంటే అది వేరే, అది వాళ్ళ విద్యార్థుల కోసం.

ప్ర. ప్రైవేటు వాళ్ళే కట్టుకోలేరా?

కట్టుకోగలరు, కట్టుకుంటా ఉండారు కూడా. లాస్ ఏంజెలెస్ లో సోఫై స్టేడియం 500 కోట్ల డాలర్లు దాటింది, ఓనరే పెట్టుకున్నాడు. లండన్ లో ఆర్సెనల్ తన స్టేడియం తనే అప్పు తెచ్చి కట్టుకుంది. మన దేశంలో ఐపీఎల్ 2023 నుంచి 2027 దాకా టీవీ, డిజిటల్ హక్కులు 48,390 కోట్లకి అమ్ముడుపోయాయి. అంత డబ్బు తిరిగే ఆటకి తిరుపతి కార్పొరేషన్ ఇంటి పన్ను, నీటి పన్ను అవసరమా? వీధిలైటు పోతే మార్చడానికి వారం పట్టే చోట?

ప్ర. ఎక్కడన్నా జనం వద్దన్నారా?

అన్నారు. 2024 ఏప్రిల్ లో అమెరికా మిస్సోరి రాష్ట్రంలో కాన్సాస్ సిటీ ఉండే జాక్సన్ కౌంటీలో రెండు టీముల స్టేడియాల కోసం సేల్స్ టాక్స్ ని ఇంకో 40 ఏళ్ళు పొడిగిస్తామని ఓటింగ్ పెడితే సుమారు 58 శాతం మంది వద్దు అని ఓటేశారు. అప్పటికి రెండు నెలల ముందే వాళ్ళ ఫుట్‌బాల్ టీము సూపర్ బౌల్, అంటే అక్కడి లీగు ఫైనల్, గెలిచింది, ఊరంతా రోడ్ల మీదికొచ్చి పండగ చేసుకున్నారు, అయినా వద్దన్నారు. టీముని ప్రేమించడం వేరు, ఓనరుకి ఇల్లు కట్టివ్వడం వేరు అని వాళ్ళకి అర్థమైంది. జపాన్ లో అయితే టోక్యో ఒలింపిక్స్ స్టేడియం డిజైన్ ఖర్చు పెరిగిపోయిందని 2015లో ప్రధానమంత్రే ఆపేసి కొత్త డిజైన్ పెట్టించారు.

అయితే కథ అక్కడితో ఆగదు, జాక్సన్ కౌంటీ వద్దనగానే పక్క రాష్ట్రం కాన్సాస్ "మా దగ్గరికి రండి, 70 శాతం దాకా బాండ్లతో ఇస్తాం" అని చట్టం చేసింది. రేపు చిత్తూరుకి, తిరుపతికి, నెల్లూరుకి మధ్య కూడా ఇట్లా పోటీ పెట్టచ్చు, జాగ్రత్తగా ఉండల్ల.

ప్ర. మ్యాచ్ లు లేనప్పుడు స్టేడియం ఏమవుతుంది?

బ్రెజిల్ లో 2014 వరల్డ్ కప్ కి బ్రసీలియాలో చానా ఖర్చు పెట్టి స్టేడియం కట్టారు, మరుసటి ఏడాది దాని పార్కింగ్ లో సిటీ బస్సులు నిలబెట్టుకున్నారు. గడ్డి కత్తిరించినా కత్తిరించకపోయినా పెరుగుతుంది, లైట్లు వేసినా వేయకపోయినా మీటరు ఫిక్స్‌డ్ చార్జీ పడుతుంది. అన్నిటికీ మించి నీళ్ళు. ఎండాకాలంలో కల్యాణి డ్యాం అడుగు కనిపిస్తా ఉంటే, వీధుల్లో ట్యాంకర్ కోసం బిందెలు వరసగా పెట్టుకుని ఉంటే, ఔట్‌ఫీల్డ్ పచ్చగా ఉండటానికి నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు? ఈ ప్రశ్న నేను ఏ ప్లానులోనూ మొదటి పేజీలో చూడలేదు.

ప్ర. మీరు స్టేడియాలకే వ్యతిరేకమా?

కాదు. ఒరిస్సా వాళ్ళు రూర్కెలాలో బిర్సా ముండా హాకీ స్టేడియం కట్టారు, 2023 వరల్డ్ కప్ అక్కడ ఆడారు, 20 వేల మందికి పైగా పడతారు. అది పూర్తిగా గవర్నమెంట్ డబ్బే. కానీ రూర్కెలా, సుందర్‌గఢ్ అంటే హాకీ పుట్టిన నేల, ఊరూరా పిల్లలు కర్రలు పట్టుకుని ఆడతారు, ముందు ఆట ఉండాది తర్వాత స్టేడియం వచ్చింది. మనకి క్రమం తిరగబడతా ఉండాది.

మన దగ్గర కూడా మంచివి జరిగాయి, 2022 జనవరిలో ఇందిరా మైదానంలో జాతీయ స్థాయి కబడ్డీ పోటీలు పెట్టారు, ఊర్లో నడిబొడ్డున, జనం ఎగబడి చూశారు. దానికి కొత్త స్టేడియం అక్కర్లేకపోయింది.

ప్ర. మరి డబ్బు ఎక్కడ పెట్టాలంటారు?

ఒక ఉదయం చెప్తా. మా పిల్లలు ప్రాక్టీస్ చేసే ఒక గ్రౌండ్, పేరు వద్దు. ముందు రోజు అక్కడ పెద్ద మీటింగ్ అయింది. పొద్దున ఐదున్నరకి పోయేసరికి ఇంకా చీకటి, వాటర్ ప్యాకెట్లు కాళ్ళకింద పటపటమంటా ఉండాయి, షామియానా గుంజలు పీకేసిన గుంతలు అట్లనే వదిలేసి పోయారు, మూడడుగులకొకటి. నేను పిల్లల్ని ఆపి టార్చ్ వేసి మేకులు ఏరిస్తా ఉండా, ఈలోగా ఒక పాప, పదో తరగతి, 400 మీటర్లు పరిగెత్తుతుంది, వాళ్ళ నాయన ఆటో తోలతాడు, వార్మప్ అని అటు పక్క నుంచి మొదలుపెట్టేసింది. రెండో మలుపులో కాలు గుంతలోకి దిగింది. "సార్" అని ఒక్కసారి అరిచింది, అంతే, కూర్చుండిపోయింది. చీలమండ నిమ్మకాయంత వాచింది. వాళ్ళమ్మ పసుపు సున్నం కలిపి పట్టు వేసి మూడు వారాలు మంచం దిగనీయలేదు, జిల్లా సెలక్షన్స్ ఆ మూడు వారాల్లోనే అయిపోయాయి. ఆ పాప నన్ను ఒక్కటే అడిగింది, "సార్, వాళ్ళు గుంతలు పూడ్చి పోవచ్చు గదా" అని.

ఆ గుంతలు పూడ్చడానికి ఎంత పట్టిందో తెలుసా? ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి, ఇద్దరు కూలీలు, ఒక పూట. మేమే చందా వేసుకుని చేయించాం.

కొత్త స్పోర్ట్స్ పాలసీలో ఒలింపిక్స్ గోల్డ్ కొడితే 7 కోట్లు ఇస్తామని మన రాష్ట్రం 2024లో ప్రకటించింది, సంతోషం, ఇవ్వల్ల. గెలిచినాక ఇచ్చే 7 కోట్లు పేపర్లో పడతాయి, గెలవక ముందు కావాల్సిన ఎర్రమట్టి ఎక్కడా పడదు. ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియం ఉండాది, శ్రీనివాస స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉండాది, చిత్తూరులో పీవీకేఎన్ కాలేజీ గ్రౌండ్, మెసానికల్ గ్రౌండ్ ఉండాయి, మునిసిపల్ స్కూళ్ళ గ్రౌండ్లు ఉండాయి. వీటికి లైట్లు, నీళ్ళు, ఆడపిల్లలకి తాళం పడే మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, నెల జీతం వచ్చే కోచ్, మీటింగులకి ఇస్తే గ్రౌండ్ మళ్ళీ బాగు చేసే దాకా వదలని డిపాజిట్, నేను అడిగేది ఇదే. మరుగుదొడ్డి లేకే ఏడో తరగతిలో ఆట మానేసిన ఆడపిల్లలు నాకు తెలుసు, నలుగురైదుగురు కాదు.

ప్ర. ఒకవేళ స్టేడియం నిజంగానే వస్తే అగ్రిమెంట్ లో ఏం చూడాలి?

లండన్ లో 2012 ఒలింపిక్స్ స్టేడియం గుర్తు పెట్టుకోండి. ఆటలు అయిపోయినాక ఫుట్‌బాల్ కి పనికొచ్చేట్టు మార్చడానికి 32 కోట్ల పౌండ్లకి పైగా అయింది, వెస్ట్ హామ్ క్లబ్బు ఇచ్చింది కోటిన్నర పౌండ్లు. 99 ఏళ్ళ లీజు, అద్దె మొదట్లో ఏడాదికి 25 లక్షల పౌండ్లు. మ్యాచ్ రోజు సెక్యూరిటీ, కార్నర్ ఫ్లాగుల దాకా చానా ఖర్చులు స్టేడియం వైపే, అంటే జనం వైపే పడ్డాయి. కోర్టు గొడవలు, సమాచారం ఇవ్వమని అర్జీలు అయినాక గానీ ఆ అగ్రిమెంట్ బయటికి రాలేదు.

కాబట్టి భూమి అమ్ముతా ఉండారా లీజా, లీజైతే ఎన్నేళ్ళు, అద్దె ఎన్నేళ్ళకోసారి పెరుగుతుంది, ఇది ముందు. తర్వాత రిపేర్లు ఎవరివి, పోలీసు బందోబస్తు బిల్లు ఎవరిది, స్టాండ్లకి పేర్లు అమ్మితే వచ్చే డబ్బులో కార్పొరేషన్ కి వాటా ఉండాదా. కట్టేటప్పుడు ఖర్చు పెరిగితే ఆ పెరిగింది ఎవరి నెత్తిన, ఇది తప్పకుండా చూడండి, ఏళ్ళ తరబడి సాగిన స్టేడియం పనులు మన రాష్ట్రంలోనే చూసినాం. అన్నిటికన్నా నేను పట్టుబట్టేది, ఏడాదిలో ఎన్ని రోజులు జిల్లా పిల్లలకి ఫ్రీగా తెరుస్తారు, ఆ నంబరు కాగితం మీద ఉండల్ల. "స్థానికులకు ప్రాధాన్యం" అని రాస్తే ఏమీ రాయనట్టే.

ప్ర. ఆ కాగితాలు మనకి చూపిస్తారా? క్రికెట్ బోర్డు ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం, కిందికి రాదంటారు కదా?

బోర్డు మీద ఆ వాదన ఏళ్ళుగా నడుస్తా ఉండాది, 2018లో సెంట్రల్ ఇన్ఫర్మేషన్ కమిషన్ వస్తుంది అంది, బోర్డు కోర్టుకి పోయింది, 2025లో వచ్చిన కొత్త క్రీడల చట్టం గవర్నమెంట్ డబ్బు తీసుకునే సంఘాల వరకే ఆర్టీఐ అని పెట్టింది. కానీ మీకు బోర్డుతో పనేంటి? భూమి ఇచ్చేది రెవెన్యూ, లేఅవుట్ చూసేది తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, నీళ్ళిచ్చేది కార్పొరేషన్, క్రీడల ఫైలు రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ శాప్ దగ్గర. ఆ ఫైళ్ళన్నీ గవర్నమెంట్ ఆఫీసుల్లోనే ఉంటాయి, అవి ఆర్టీఐ కిందికే వస్తాయి. మన రాష్ట్రంలో ఫీజు గ్రామ స్థాయిలో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వల్ల, ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు. "స్టేడియం గురించి వివరాలు ఇవ్వండి" అని గంపగుత్తగా రాయొద్దండి, సర్వే నంబరు, విస్తీర్ణం, జీవో కాపీ, లీజు డీడ్ కాపీ అని విడివిడిగా అడగండి. రసీదు జాగ్రత్త.

ప్ర. అంతా సరే, తిరుపతిలో ఐపీఎల్ మ్యాచ్ జరిగితే మీరు పోతారా?

పోతా. టికెట్ కొనుక్కుని పోతా, ఆ 400 మీటర్ల పాపని, వాళ్ళ నాయనని కూడా తీసుకుని పోతా. కానీ ఆ రోజు పొద్దున ఐదున్నరకి ప్రాక్టీస్ మాత్రం ఆపేది లేదు.